ఖాళీ అయిన సీటు ఎవరిది?

న్యూయార్క్ నగరంలోని హార్లెంలో, పడమటి 118వ వీధిలో ఉన్న ఒక పాత ప్రభుత్వ పాఠశాల భవనంలో ఏళ్ల తరబడి మూడు బడులు సర్దుకుని నడిచాయి. ఒకటి సోజర్నర్ ట్రూత్ పేరు పెట్టుకున్న పి.ఎస్. 149 అనే మామూలు ప్రభుత్వ బడి. రెండోది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నగర విద్యాశాఖ నడిపే పి.ఎస్. 811. మూడోది 2006 ఆగస్టులో 165 మంది కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలతో మొదలైన హార్లెం సక్సెస్ అకాడమీ అనే చార్టర్ బడి, అంటే ప్రభుత్వ సొమ్ముతో ఒక స్వతంత్ర బోర్డు నడిపే బడి. మొదటి రెండు బడులకూ మూడోదానికీ భవనం ఒకటే, వీధి ఒకటే, చాలావరకు ఇరుగుపొరుగు కుటుంబాలే. పరీక్షల ఫలితాల్లో మాత్రం ఆ మూడో బడికీ చుట్టుపక్కల బడులకూ మధ్య ఎంత దూరం పెరిగిందంటే, దాన్ని అద్భుతమన్నవారూ మోసమన్నవారూ రెండు పక్షాలుగా చీలి దాదాపు ఇరవయ్యేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

నేను నది దాటి అవతల న్యూజెర్సీలో ఉంటాను. నా పిల్లలు ఆ బడిలో చదవలేదు, అలాంటి బడిలో సీటు కోసం లాటరీలో పేరు వేయాల్సిన అవసరం మాకు రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ వాదనలో అదీ ఒక భాగమే. ఇన్నేళ్లుగా రెండు పక్షాల రాతలూ చదివిన మీదట నాకు తోచిందేమిటంటే, ఆ బడి చదువు నిజమైనదే, దాని మీద వచ్చిన ఆరోపణల్లో బరువైనవీ నిజమైనవే. ఈ రెంటినీ కలిపి చూస్తే అసలు అడగవలసిన ప్రశ్న చాలా చిన్నది: ప్రజల సొమ్ముతో ఏర్పడిన సీటులో కూర్చున్న పిల్లవాడు మధ్యలో వెళ్లిపోతే, ఆ సీటును వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో పిల్లకు ఇవ్వాలా, లేక ఖాళీగా ఉంచుకునే హక్కు బడికి ఉందా? ఇవ్వాలనే నేనంటాను, ఎన్నో తరగతిలో ఖాళీ అయినా సరే.

చార్టర్ బడి అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు, తలసరి ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. నిర్వహణ మాత్రం ఒక స్వతంత్ర ట్రస్టీల బోర్డు చేతిలో ఉంటుంది. మన ఎయిడెడ్ పాఠశాలలు గుర్తుకు రావచ్చు గానీ, అక్కడ ఎయిడెడ్ టీచరుకు ఉండే జీతభత్యాల రక్షణ ఇక్కడ లేదు. ఎక్కువ బడుల్లో ఉపాధ్యాయ సంఘమే ఉండదు. ప్రభుత్వం నియమించిన సంస్థ ఒకటి నిర్ణీత కాలానికి అనుమతి ఇస్తుంది, గడువు ముగిశాక ఫలితాలు చూసి పొడిగిస్తుంది లేదా మూసేస్తుంది. 1988లో ఇలాంటి ఆలోచనను దేశం ముందు పెట్టినవాడు ఆల్బర్ట్ షాంకర్ అనే ఉపాధ్యాయ సంఘ నాయకుడు కావడం విచిత్రం. ఆ తర్వాత అది నడిచిన తోవ నచ్చక ఆయనే దాన్ని విమర్శించాడు. మిన్నెసోటా 1991లో తొలి చట్టం చేసింది, మరుసటి ఏడు సెయింట్ పాల్‌లో తొలి బడి తెరుచుకుంది. న్యూయార్క్ రాష్ట్రం 1998 డిసెంబరులో చట్టం చేసి, మొదట 100 బడులకు పరిమితి పెట్టి, 2007లో 200కు, 2010లో 460కి పెంచింది. అడిగినవారు ఎక్కువై సీట్లు తక్కువైతే లాటరీ తీయాలి; అదే స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే బడుల నిర్వహణ కోసం విడదీసిన ప్రాంతంలో, ఉండేవారికీ, అప్పటికే చదువుతున్న పిల్లల తోబుట్టువులకూ ప్రాధాన్యం ఉంటుంది.

హార్లెం సక్సెస్‌ను స్థాపించిన ఈవా మాస్కోవిట్జ్ అంతకు ముందు నగర కౌన్సిల్ సభ్యురాలు, విద్యా కమిటీ అధ్యక్షురాలు. 2003లో ఉపాధ్యాయుల, ప్రిన్సిపాళ్ల, బడి పారిశుద్ధ్య సిబ్బంది ఒప్పందాల మీద బహిరంగ విచారణలు జరిపి సంఘాలతో శాశ్వత వైరం తెచ్చుకుంది. 2005లో మన్‌హాటన్ బరో (నగర విభాగం) ప్రెసిడెంట్ పదవికి పోటీ చేసి, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయింది, ఆ మరుసటి ఏడాదే బడి తెరిచింది. వెనక పెట్టుబడి సంస్థల యజమానుల ఆర్థిక బలం ఉంది. ఇవాళ ఆ ఒక్క బడి సక్సెస్ అకాడమీ పేరుతో యాభై పైచిలుకు బడుల వ్యవస్థగా మారింది. పిల్లల్లో అత్యధికులు నల్లజాతి, లాటినో కుటుంబాలవారు. ఎక్కువ మంది తక్కువ ఆదాయం వల్ల బడిలో ఉచిత భోజనానికి అర్హులైనవారు.

లోపల చదువు ఎలా సాగుతుందో చూడకుండా తీర్పు చెప్పడం రెండు పక్షాలకూ అలవాటైంది కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. నారింజ, నీలం రంగుల యూనిఫారం. పిల్లలను విద్యార్థులని కాక స్కాలర్లని పిలుస్తారు. తరగతి గదులకు టీచర్లు చదివిన కాలేజీల పేర్లు పెడతారు. ఆరేళ్ల పిల్ల తన గది పేరు చెప్పేటప్పుడు ఒక విశ్వవిద్యాలయం పేరు చెబుతుందన్నమాట. పొద్దు చాలా పెద్దది, చుట్టుపక్కల ప్రభుత్వ బడుల కంటే ఎక్కువ గంటలు. టీచరు మాట్లాడుతున్నప్పుడు చేతులు ముడుచుకుని, వీపు నిటారుగా పెట్టి, మాట్లాడేవారి మీదే చూపు నిలపాలి. వరుసలో నడిచేటప్పుడు నిశ్శబ్దం. ఇంతవరకు విన్నవారికి మన కార్పొరేట్ స్కూళ్లు కళ్ల ముందు మెదులుతాయి, కానీ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే కిండర్‌గార్టెన్ పిల్లలకు చెక్క దిమ్మెలతో ఆడుకోవడానికే ఒక గది కేటాయించారు. సైన్స్‌ను కిండర్‌గార్టెన్ నుంచే, వారంలో అయిదు రోజులూ, ప్రయోగాలతో చెబుతారు. చదరంగం పాఠ్యక్రమంలో భాగం. లెక్కల్లో సూత్రం చెప్పి అభ్యాసం చేయించడానికి ముందు, పిల్లలు తమ దారిలో తాము సాధించి, ఎలా సాధించారో ఒకరికొకరు వివరించాలి. బట్టీ బడి కాదది.

టీచర్ల సంగతి నాకు ఇంకా ఆసక్తికరంగా తోస్తుంది. చాలామంది ఇరవైల్లో ఉన్న యువతీ యువకులు, అనుభవం తక్కువ, కొన్నేళ్లకే వెళ్లిపోయేవారు ఎక్కువ. ఆ లోటును బడి ఒక పద్ధతితో పూడుస్తుంది. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో అన్ని బడులకూ ఒకటే ప్రణాళిక ఉంటుంది, కాబట్టి రాత్రుళ్లు కూర్చుని పాఠం తయారుచేసే భారం కుర్ర టీచరు మీద పడదు. ఆ సమయాన్ని పిల్లల నోట్సులు చదవడానికీ, రేపటి పాఠంలో వాళ్లు ఎక్కడ తడబడతారో ముందే ఊహించడానికీ వాడతారు. ప్రిన్సిపాలు ఆఫీసులో కూర్చోడు; తరగతి వెనక నిలబడి చూస్తాడు, అక్కడికక్కడే టీచరు చెవిలో సూచన చెబుతాడు. వారానికో రోజు పిల్లలను ముందుగా ఇంటికి పంపి టీచర్లకు శిక్షణ ఇస్తారు. హార్వర్డ్ ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్, విల్ డాబీతో కలిసి న్యూయార్క్ చార్టర్ బడులను పరిశీలించి, మంచి ఫలితాలకు తరగతిలో పిల్లల సంఖ్య, తలసరి ఖర్చు వంటివి కారణంగా కనిపించలేదనీ, టీచరుకు తరచుగా సలహా అందడం, పిల్లల పని చూసి బోధన మార్చుకోవడం, చిన్న బృందాలకు ముమ్మరంగా ట్యూషన్, ఎక్కువ బోధన సమయం, పెద్ద ఆశలు పెట్టుకోవడం అనే అయిదు అలవాట్లే ఎక్కువ పనిచేశాయనీ తేల్చారు. వీటిలో ఏదీ రహస్యం కాదు, ఏదీ చార్టర్ బడుల సొంత ఆస్తీ కాదు.

ఇక ఫలితాలు. 2014లో రాష్ట్ర పరీక్షల్లో సక్సెస్ పిల్లల్లో 94 శాతం లెక్కల్లోనూ, 64 శాతం ఇంగ్లిషులోనూ ఉత్తీర్ణ స్థాయి అందుకున్నారు. ఆ ఏడు నగరమంతటి సగటు లెక్కల్లో 35 శాతం దరిదాపుల్లో, ఇంగ్లిషులో 30 శాతానికి లోపల ఉంది. 2017కల్లా సక్సెస్ పిల్లలు 95, 84 శాతాలకు చేరారు. సంపన్నుల పిల్లలు చదివే శివారు డిస్ట్రిక్టులు కూడా ఈ అంకెలను అందుకోలేకపోయాయి. ఆ ఏడాదే చార్టర్ సంస్థలకు ఇచ్చే బ్రాడ్ బహుమతి సక్సెస్‌కు వచ్చింది.

ఇవి ఏరిన పిల్లల అంకెలు కావా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. లాటరీ ఉండడం వల్ల ఆ అనుమానాన్ని పరీక్షించే వీలుంది: పేరు వేసిన తల్లిదండ్రులందరికీ పట్టుదల ఉన్నట్టే, వారిలో గెలిచినవారినీ ఓడినవారినీ విడదీసింది అదృష్టం ఒక్కటే. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ 2010-11లో కిండర్‌గార్టెన్ లాటరీలో పాల్గొన్న పిల్లలను మూడో తరగతి దాకా అనుసరించి, 2017లో నివేదిక ఇచ్చింది. లాటరీ గెలిచి సక్సెస్‌లో చేరిన పిల్లలు లెక్కల్లోనూ ఇంగ్లిషులోనూ స్పష్టంగా ముందున్నారు. బడిలో చదువే లేదు, అంతా ఏరివేతే అనేవారికి ఈ నివేదిక దగ్గర సమాధానం దొరకదు.

అయితే అదే నివేదికలో మరో విషయం ఉంది, దాన్ని బడి సమర్థకులు అంత ఉత్సాహంగా ఉదహరించరు. లాటరీ గెలిచిన కుటుంబాల్లో చివరికి చేరినవారు సుమారు సగం మందే. మధ్యలో నమోదు సమావేశం, యూనిఫారం కొలతల రోజు, బడి తెరిచే ముందు రిహార్సల్ రోజు అంటూ వరసగా మెట్లుంటాయి, ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారుకుంటారు. బడి ఏం కోరుతుందో ముందే స్పష్టం చేస్తుంది: పొద్దున్నే నిమిషం ఆలస్యం కాకుండా తీసుకురావాలి, ఇంట్లో రోజూ పుస్తకం చదివి వినిపించి లాగ్‌లో రాయాలి, పిలిచినప్పుడు రావాలి. రాత్రి షిఫ్టు చేసే తల్లికి వారానికో రోజు మధ్యాహ్నమే పిల్ల ఇంటికి రావడం ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. దీన్ని నేను కుట్ర అనను. ఏ బడైనా తల్లిదండ్రులను ఏదో ఒకటి అడగాలి. కానీ లాటరీ సమానంగా తీసినంత మాత్రాన ప్రవేశం సమానం కాదన్నది మరిచిపోకూడదు.

చేరిన తర్వాత వెళ్లిపోయేవారి కథ ఇంకా చేదుగా ఉంటుంది. 2015 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్, బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్ సక్సెస్ బడిలో ప్రిన్సిపాలు 16 మంది పిల్లల పేర్లతో ఒక జాబితా తయారుచేసి, దానికి వీళ్లు పోవాల్సిందే అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టాడని బయటపెట్టింది. ఆ పదహారు మందిలో తొమ్మిది మంది తర్వాత బడి వదిలారు. అది ఒక ప్రిన్సిపాలు చేసిన పొరపాటు తప్ప బడి విధానం కాదని మాస్కోవిట్జ్ వివరణ ఇచ్చింది. అదే బడిలో వైకల్యాలున్న అయిదుగురు పిల్లల కుటుంబాలు వేసిన కేసులో సంస్థ 2021లో 24 లక్షల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. అయిదేళ్ల పిల్లలను సస్పెండ్ చేయడం, ఆ పిల్లను మధ్యాహ్నమే వచ్చి తీసుకుపొమ్మని తల్లికి పదే పదే ఫోన్ చేయడం, ఈ రెండు మాటలూ వదిలిపోయిన కుటుంబాల ఫిర్యాదుల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. గంటల కూలీకి పనిచేసే మనిషికి అలాంటి ఫోన్లు నాలుగు వస్తే ఉద్యోగం మిగలదు; బడి ఎవరినీ తీసేయనక్కరలేదు, తల్లే వచ్చి టీసీ అడుగుతుంది. మన విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తొలగించరాదంటుంది. మంచి నిబంధనే, కానీ పైన చెప్పిన పద్ధతిలో తొలగింపు కాగితం మీదికి రానే రాదు కదా.

2018లో సక్సెస్ హైస్కూలు నుంచి మొదటి బృందం పట్టా పుచ్చుకుంది. పదహారు మంది. 2006లో ఒకటో తరగతిలో కూర్చున్నవారు డెబ్బై మందికి పైనే. విమర్శకులు ఈ ఒక్క లెక్కనే ఆయుధం చేసుకున్నారు. అందులో కొంత అన్యాయం ఉంది. పన్నెండేళ్లలో కుటుంబాలు ఊళ్లు మారతాయి, అద్దెలు పెరిగి హార్లెం వదిలి పోయినవారు ఎందరో, కొందరు మరో మంచి హైస్కూల్లో చేరి ఉంటారు, కొందరు ఒక తరగతి వెనక పడి ఉంటారు. నగరంలోని స్వతంత్ర బడ్జెట్ కార్యాలయం 2008-09లో కిండర్‌గార్టెన్ చేరిన పిల్లలను అయిదేళ్ల పాటు గమనించి, చార్టర్ బడుల్లో 64 శాతం మంది అదే బడిలో మిగిలారనీ, పక్కనున్న మామూలు ప్రభుత్వ బడుల్లో 56 శాతమే మిగిలారనీ 2015లో తేల్చింది. పేదల పేటల్లో పిల్లలు బడులు మారుతూనే ఉంటారు. మొత్తం మీద చూస్తే చార్టర్ బడులనుంచి వెళ్లిపోయేవారు ఎక్కువేమీ కాదు.

నాకు అసలు విషయం ఇక్కడే కనిపించింది. వెళ్లిపోవడం రెండు చోట్లా ఉంది. రావడం ఒక్క చోటే ఉంది. పి.ఎస్. 149లో నవంబరులో ఒక పిల్లవాడు వెళ్లిపోతే, జనవరిలో డొమినికన్ రిపబ్లిక్ నుంచి కొత్తగా వచ్చిన పిల్లో, అద్దె కట్టలేక షెల్టరుకు మారిన కుటుంబంలోని అబ్బాయో ఆ కుర్చీలో కూర్చుంటారు, అది ఏ తరగతైనా సరే, కాదనే అధికారం ఆ ప్రిన్సిపాలుకు లేదు. సక్సెస్ మాత్రం చాలా ఏళ్లపాటు నాలుగో తరగతి దాటాక కొత్త పిల్లలను చేర్చుకోలేదు. వెయిటింగ్ లిస్టులో వేల పేర్లున్నాయని ఏటా ప్రకటిస్తూనే, పై తరగతుల్లో ఖాళీ అయిన సీట్లను అలాగే వదిలేసింది. అప్పుడు ఏమవుతుంది? నూరుమందితో మొదలైన తరగతిలో నలభై మంది వెళ్లిపోయి, వెళ్లినవారిలో ఎక్కువ మంది చదువులో వెనకబడ్డవారే అనుకుందాం. ఎవరికీ ఒక్క అక్షరం అదనంగా నేర్పకపోయినా మిగిలిన అరవై మంది సగటు పెరుగుతుంది. పక్క గదిలోని ప్రభుత్వ బడి అదే సమయంలో నలభై మంది కొత్తవారికి మొదటి నుంచి నేర్పుతూ, వాళ్ల మార్కులను తన సగటులో కలుపుకుంటుంది. ఆ తర్వాత రెండు బడుల అంకెలనూ పక్కపక్కన పెట్టి పత్రికలు ప్రచురిస్తాయి.

దీనికి మాస్కోవిట్జ్ చెప్పే కారణం సూటిగానే ఉంటుంది: పై తరగతుల్లో కొత్తగా వచ్చే పిల్లలు ఎన్నో ఏళ్లు వెనకబడి ఉంటారు, వారిని తెచ్చి కలిపితే మొదటి నుంచీ కష్టపడి పైకొచ్చిన పిల్లలకు అన్యాయం జరుగుతుంది. నేను ఈ మాటను తేలికగా కొట్టివేయను. టీచరు శ్రద్ధ పరిమితమైన వనరు, ఒకరికి ఎక్కువ ఇస్తే మరొకరికి తగ్గుతుంది. కానీ ఎం.డి.ఆర్.సి. చూసిన ఆ మంచి ఫలితాలు ఏ తరగతులవి? కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకూ ఉన్నవి. సరిగ్గా ఆ తరగతుల్లోనే బడి ఖాళీలను నింపుతూ వచ్చింది. అంటే మధ్యలో వచ్చి చేరిన పిల్లలను కలుపుకుంటూనే ఆ బడి నెగ్గింది. తన పద్ధతిలో ఏ బలముందో బడి తానే నిరూపించుకుంది, తర్వాత అయిదో తరగతి వాకిట్లో నిలబడి ఆ బలం మీద తనకే నమ్మకం లేదన్నట్టు తలుపు వేసింది. పన్నెండేళ్ల పిల్ల ఏడేళ్ల పిల్ల కంటే ఎక్కువ వెనకబడి రావచ్చు, నిజమే. ఎక్కువ ట్యూషన్ కావాలి, అవసరమైతే స్థాయి చూసి ఒక తరగతి కింద కూర్చోబెట్టాలి. అలాంటి పనులు ఆ బడికి చేతకానివి కావు. దాతలకూ కొదవ లేదు. 2022లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఒక్కడే సక్సెస్‌కు పది కోట్ల డాలర్లు ప్రకటించాడు.

ఇక్కడ తల్లిదండ్రుల పక్షాన ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చలో చదువుకున్నవారు తరచుగా వారినే బోనులో నిలబెడతారు. తన పిల్లను అల్లరి లేని, భయం లేని, మిగతా పిల్లల ఇళ్లల్లో కూడా చదువు మీద పట్టింపు ఉన్న తరగతిలో కూర్చోబెట్టాలని హార్లెం తల్లి కోరుకుంటే, మిగతా పిల్లలను వదిలేసి పోయిందని ఆమె మీద నింద వేస్తారు. నేను న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు నన్నెవరూ అలా అడగలేదు. ఇక్కడ ఎడిసన్, ప్లెయిన్స్‌బరో వంటి ఊళ్లల్లో మన తెలుగువాళ్లు ఇల్లు వెతికే విధానం అందరికీ తెలిసిందే. తూర్పు గుమ్మం కంటే ముందు స్కూల్ రేటింగు చూస్తాం. మంచి డిస్ట్రిక్టు కోసం లక్ష డాలర్లు ఎక్కువ పెడతాం, ఏటా భారీగా ఆస్తి పన్ను కడతాం, ఆ పన్నుతోనే ఆ బడి నడుస్తుంది, ఆ పన్ను కట్టలేనివారి పిల్లలు ఆ బడి గేటు దాకా రారు. ఇది కూడా ఏరివేతే. మా అబ్బాయి తరగతిలో తోటి పిల్లలను ఎంపిక చేసింది బ్యాంకు లోను. కాబట్టి లాటరీ చీటీ మీద ఆశ పెట్టుకున్న తల్లికి నీతులు చెప్పే అర్హత మాబోటివారికి లేదు. నా తగాదా ఆమెతో కాదు, ఆమె పక్కింటి తల్లికి అయిదో తరగతిలో ఖాళీగా ఉన్న సీటు ఎందుకు ఇవ్వరన్నదే.

మన వైపు ఈ ప్రశ్నకు రెండు పాత సమాధానాలున్నాయి. మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం. అయిదు జిల్లాల్లో 180 గ్రామాలను తీసుకుని, ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు హిందీ లేదు. ప్రైవేటు బడి తలసరి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకు లోపే కాబట్టి, తక్కువ డబ్బుతో అంతే చదువు చెబుతున్నాయని కొందరు, ఇంత హడావిడి చేసి మన భాషలోనూ లెక్కల్లోనూ ఏమీ పెంచలేదని మరికొందరు దాన్ని తమ తమ వైపు తిప్పుకున్నారు. నాకు అందులో కనిపించే పాఠం వేరు. యాజమాన్యం మారినంత మాత్రాన పిల్లకు చదువు రాదు. హార్లెంలో పనిచేసింది చార్టర్ అనే చట్టబద్ధ హోదా కాదు, ఆ నాలుగు గోడల మధ్య ప్రతిరోజూ జరిగిన పని.

రెండో సమాధానం గురుకులాలు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆ పద్ధతి ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ సాంఘిక, గిరిజన, వెనుకబడిన తరగతుల సంక్షేమ గురుకులాలుగా విస్తరించింది. అక్కడ అయిదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది కాబట్టి, లాటరీ బడి కంటే గురుకులం మొదటి రోజే ఎక్కువ ఏరుతుంది. ఆ విషయంలో మనం హార్లెం వారికి పాఠాలు చెప్పలేం. కానీ బ్యాక్‌లాగ్ సీట్లు అనే మాట తెలంగాణ గురుకులాల్లో చదివించే ప్రతి తల్లిదండ్రికీ తెలుసు. పిల్లలు మధ్యలో మానేసి వెళ్లగా ఆరు నుంచి తొమ్మిది తరగతుల్లో మిగిలిన ఖాళీలకు మళ్లీ నోటిఫికేషన్ వేసి, పరీక్ష పెట్టి, కొత్తవారిని చేర్చుకుంటారు. ఎక్కడో మారుమూల మండలంలో ఏడో తరగతి చదివే పిల్లకు అది రెండో అవకాశం. ప్రభుత్వం కట్టిన మంచం, ప్రభుత్వం వండే అన్నం ఖాళీగా పోకూడదన్నది అక్కడ వాదించాల్సిన విషయం కాదు, ఏటా జరిగే మామూలు తంతు. అంత పేరు, అంత డబ్బు ఉన్న న్యూయార్క్ బడికి ఈ తంతు ఎందుకు భారమైందో నాకు అర్థం కాదు.

అమెరికాలో కూడా ఇది అసాధ్యమేమీ కాదు. మసాచుసెట్స్ 2010లో చట్టం మార్చి, చార్టర్ బడి తన తరగతుల్లో కింది సగంలో ఫిబ్రవరి 15 లోపు ఏర్పడే ఖాళీలను వెయిటింగ్ లిస్టు నుంచి నింపి తీరాలంది. సగం అని ఆగిపోవడం ఒక రాజీ, అయినా న్యూయార్క్ చట్టంలో ఆ పాటి నిబంధన కూడా లేదు. దాదాపు అన్ని బడులూ చార్టర్లైపోయిన న్యూ ఆర్లీన్స్‌లో 2012 నుంచి ప్రవేశాలు ఒకే ఉమ్మడి దరఖాస్తు మీద జరిగేలా చేశారు, పిల్లలను తొలగించే విచారణలు బడి చేతినుంచి తీసి ఒక ఉమ్మడి కార్యాలయానికి అప్పగించారు. బడులన్నీ చార్టర్లైనప్పుడు వెళ్లిపోయిన పిల్లను చేర్చుకోవడానికి పక్కన మరో ప్రభుత్వ బడి ఉండదు కాబట్టి, అక్కడ ఆ జాగ్రత్త తప్పనిసరి అయింది. హార్లెంలోనే మొదలైన డెమోక్రసీ ప్రెప్ అనే మరో చార్టర్ సంస్థ అన్ని తరగతుల్లోనూ ఖాళీలు నింపుతూ, మిగతా చార్టర్లు కూడా అలాగే చేయాలని బహిరంగంగా వాదించింది. తోటి చార్టర్ల నుంచి దానికి దక్కినది పెద్దగా మెప్పు కాదని వేరే చెప్పాలా.

న్యూయార్క్ రాజకీయం మాత్రం ఎప్పుడూ భవనాల చుట్టూ, సంఖ్యల చుట్టూ తిరుగుతుంది. 2014 ఫిబ్రవరిలో మేయర్ బిల్ డి బ్లాసియో మూడు సక్సెస్ బడులకు భవనాలు నిరాకరించాడు. వాటిలో ఒకటి మొదట చెప్పిన 118వ వీధి భవనానికే సంబంధించినది, దానికి చోటిస్తే పి.ఎస్. 811 లోని ప్రత్యేక అవసరాల పిల్లలకు చోటు తగ్గుతుందన్నది ఆయన వాదన. మార్చి 4న సక్సెస్ తన బడులకు సెలవిచ్చి పిల్లలనూ తల్లిదండ్రులనూ బస్సుల్లో రాష్ట్ర రాజధాని ఆల్బనీకి తరలించింది. గవర్నరు ఆండ్రూ కూమో వచ్చి వారి వేదిక మీద మాట్లాడాడు. కొన్ని వారాల్లోనే, కొత్త చార్టర్లకు నగరం చోటైనా ఇవ్వాలి, అద్దైనా కట్టాలి అనే నిబంధన బడ్జెట్‌లో చేరింది. 2019లో నగరానికి కేటాయించిన అనుమతులన్నీ అయిపోయాయి. 2023లో మూతబడ్డ బడుల అనుమతులను నగరంలో పద్నాలుగు చోట్ల మళ్లీ ఇవ్వడానికి శాసనసభ ఒప్పుకుంది, దాని మీదా నెలల తరబడి పోరాటం జరిగింది. ఇన్ని ఊరేగింపుల్లో, ఇన్ని విచారణల్లో, ఉన్న బడుల లోపల ఉన్న ఖాళీ సీట్ల గురించి అడిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది.

చార్టర్ బడుల సంఖ్య మీదున్న పరిమితి ఎత్తేయాలా వద్దా అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం లేదు. బడి బాగుంటే ఇంకొకటి పెట్టనివ్వండి. కానీ సక్సెస్‌కు అనుమతి ఇచ్చే రాష్ట్ర విశ్వవిద్యాలయపు చార్టర్ సంస్థ, గడువు ముగిసి పొడిగించేటప్పుడు రెండు షరతులు రాయాలి. ఒకటి, కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు తొలి ఏడాది దాకా ఏ తరగతిలో సీటు ఖాళీ అయినా నెల లోపల వెయిటింగ్ లిస్టులోని తర్వాతి పేరుకు ఇవ్వాలి. రెండు, ఏటా ప్రకటించే ఉత్తీర్ణత శాతం పక్కనే, ఆ తరగతి మొదలైనప్పుడు ఎందరున్నారో, ఇప్పుడు ఎందరున్నారో, మధ్యలో ఎందరు చేరారో అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. ఈ రెండూ పాటించాక సక్సెస్ శాతాలు 95 నుంచి 80కి పడిపోయినా నా దృష్టిలో అది మరింత గొప్ప బడి అవుతుంది, పక్క గదిలోని పి.ఎస్. 149తో దాన్ని పోల్చడానికి అప్పుడు నాకు ఏ అభ్యంతరమూ ఉండదు.